ఆటోమేటిక్ కారులో ప్లస్సూ మైనస్సూ ఎందుకు? మాన్యువల్ మోడ్ వాడే పద్ధతి

కారు కొన్న మొదటి ఏడాది. తిరుమలలో దర్శనం చేసుకుని మధ్యాహ్నం కొండ దిగుతున్నాం. సగం దారికి వచ్చేసరికి కాలుతున్న వాసన. వెనక సీట్లోంచి మా అత్త "ముందు బండి వాడి క్లచ్ కాలుతోందిరా" అంది. ముందు బండి ఎక్కడో ఉంది. వాసన మాదే, కాలుతున్నవి మా బ్రేకులు. కాలి కింద పెడల్ కూడా పొద్దున ఉన్నంత గట్టిగా లేదు, కాస్త మెత్తబడింది.

రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆపాను. మా బాబాయి దిగి, ముందు చక్రానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఆటోమేటిక్ కారు మాత్రం ఎప్పుడూ తోలలేదు.

"ఏ గేర్లో దిగుతున్నావు?"

"ఆటోమేటిక్ కదా బాబాయ్, డీలోనే ఉంది."

"మరి ఆ పక్కన ప్లస్సు, మైనస్సు అని రాసుంది, అదెందుకు?"

అప్పటికే ఆ కారు నా చేతిలో ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. ఆ ప్లస్సునీ మైనస్సునీ నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మాన్యువల్ బాధ వదిలిందని ఆటోమేటిక్ కొన్నాక మళ్లీ ఆ గొడవెందుకు అనుకున్నాను. నాలాగే అనుకుంటున్నవాళ్ల కోసం, ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

డీలో ఉన్నప్పుడు కారుకి ఏం తెలుసు, ఏం తెలియదు

డీ అంటే డ్రైవ్, అందులో గేరు మార్చేది కంప్యూటరు. కారు ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారు అన్నవే దానికి ముఖ్యంగా అందే సంగతులు. కొన్ని కార్లలో వాలు పసిగట్టే సెన్సర్ కూడా ఉంటుంది. కానీ ముందున్న హెయిర్‌పిన్ మలుపు దానికి కనపడదు. చెరకు ట్రాక్టరు వెనక మీరు సందు కోసం చూస్తున్నారనీ తెలియదు.

కొండ దిగేటప్పుడు మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారు. "ఈయనకి ఇప్పుడు పికప్ అక్కర్లేదు, పెట్రోలు ఆదా చేద్దాం" అని అది మూడు నుంచి నాలుగుకి, నాలుగు నుంచి ఐదుకి పోతుంది. పై గేర్లో ఇంజిన్ పట్టు తక్కువ కాబట్టి బండి ఉరుకుతుంది. మీరు బ్రేకు తొక్కుతారు, వదిలితే మళ్లీ ఉరుకుతుంది, మళ్లీ తొక్కుతారు. కొండ కిందికి వచ్చేసరికి బ్రేకులు మా కారు బ్రేకుల్లా అవుతాయి.

మాన్యువల్ మోడ్ (గేరు లివరు దగ్గర ఎం; అందులో ప్లస్ పై గేరుకి, మైనస్ కింది గేరుకి) అనగానే స్పోర్ట్స్ కార్ల సరదా అనుకుంటాం. ఆ మోజు రేసుల నుంచి వచ్చిన మాట నిజమే. 1989లో ఫెరారీ తన ఫార్ములా వన్ కారుకి స్టీరింగ్ వెనక వేళ్లతో గేరు మార్చే రెక్కలు, అంటే ప్యాడిల్స్, పెడితే, ఆ కారు మొదటి రేసే, బ్రెజిల్లో, గెలిచింది. మన ఘాట్ రోడ్ల మీద దాని పని వేరు. ఇక్కడ ఎం అంటే గేరు మార్చడం కన్నా, మారకుండా పట్టి ఉంచడం. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా అలవాటే.

ముందు మీ గేర్‌బాక్స్ ఏ రకమో చూసుకోండి

ఒకే పేరుతో ఉన్న కారులో కూడా వేరియంట్‌ని బట్టి గేర్‌బాక్స్ మారుతుంది. మనకి దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు.

ఏఎంటీ: మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మీ బదులు మోటార్లు చేస్తాయి. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో మొదలైంది. మారుతి వాళ్లు ఏజీఎస్ అంటారు, రెనో వాళ్లు ఈజీ-ఆర్ అంటారు. గేరు మారేటప్పుడు క్షణం పాటు పవర్ తెగుతుంది, తల ముందుకి ఊగుతుంది. మాన్యువల్ మోడ్ వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడేది ఏఎంటీ వాళ్లే. గుండ్రటి నాబ్ తిప్పే రెనో క్విడ్ ఏఎంటీ లాంటి వాటిలో మాత్రం ఎం అసలు ఉండదు.

టార్క్ కన్వర్టర్: పాతకాలం నుంచి ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్. మెత్తగా మారుతుంది. 2022 నుంచి మారుతి కొన్ని కార్లలో ఆరు గేర్లవి ప్యాడిల్స్‌తో ఇస్తోంది. పాత నాలుగు గేర్ల వాటిలో ఎం బదులు 2, ఎల్ అని ఉండేవి. 2లో పెడితే రెండో గేరు దాటదు. ఘాట్‌కి అదీ చాలు.

డీసీటీ: రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకి, ఇంకోటి సరి గేర్లకి. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు డీఎస్‌జీ అంటారు. రెప్పపాటులో గేరు మారుస్తుంది. చిన్న కార్లలో వచ్చే డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీకి నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కే గుణం ఉంది.

సీవీటీ: ఇందులో గేర్లే లేవు. రెండు పుల్లీల మధ్య బెల్టు జరుగుతూ ఉంటుంది. హోండా సిటీ సీవీటీలో ప్యాడిల్ నొక్కితే కనిపించే ఏడు గేర్లు కంప్యూటర్ కల్పించినవి. అయినా పట్టు నిజమైనదే. ప్యాడిల్స్ లేని సీవీటీలో ఎస్, ఎల్ అనే స్థానాలు చూడండి, కిందికి దిగడానికి అవే ఆధారం.

కారుతో ఇచ్చిన పుస్తకం తీసి రెండు సంగతులు చూసుకోవాలి. ప్లస్ ఎటువైపు? హ్యుందాయ్‌లో ముందుకి తోస్తే పై గేరు, బీఎండబ్ల్యూ, మాజ్డాలలో వెనక్కి లాగితే పై గేరు. లివరు పక్కన ముద్రించే ఉంటుంది, కానీ మలుపులో తల దించి చూసుకునే తీరిక ఉండదు. రెండోది, ఇంజిన్ ఎర్ర గీత (మీటర్లో ఇంజిన్ చుట్లు దాటకూడని హద్దు) దాకా వెళ్తే కారు తనే పై గేరుకి పోతుందా, లేక అక్కడే అరుస్తూ ఉంటుందా? కార్లు రెండు రకాలుగానూ ఉన్నాయి. కింద వైపు మాత్రం అన్నీ ఒకటే. వేగం బాగా తగ్గితే మీరు చెప్పకపోయినా కింది గేరుకి వచ్చేస్తాయి, కాబట్టి ఎం లో బండి ఆగిపోతుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఖాళీ రోడ్డు మీద అరగంట

ఘాట్ మొదట్లో నేర్చుకుందాం అనుకోకండి. ఆదివారం పొద్దున్నే ఊరి బయట తిన్నటి రోడ్డు చాలు.

1. డీలో మామూలుగా 40 కి.మీ. వేగానికి రండి. యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచి లివరుని ఎం లోకి జరపండి. ఆపక్కర్లేదు, బ్రేకు తొక్కక్కర్లేదు. మీటర్లో డి బదులు ఎం 3 అనో, ఒట్టి 3 అనో కనపడుతుంది. కారులో ఇంకేమీ మారదు. ఏమీ మారకపోవడం చూసి చాలామంది "పడలేదేమో" అని ఇంకోసారి తోస్తారు, అప్పుడు గేరు మారిపోతుంది. తోయకండి.

2. మెల్లగా వేగం పెంచండి. పెట్రోలు కారైతే 2,000 నుంచి 2,500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య, డీజిలైతే 1,800 నుంచి 2,000 దగ్గర ప్లస్ కొట్టండి. ఏఎంటీలో ఒక చిట్కా ఉంది. ప్లస్ కొట్టే ముందు యాక్సిలరేటర్‌ని కొంచెం వదిలి, గేరు పడ్డాక మళ్లీ తొక్కండి. క్లచ్ కారులో మనం చేసే పనే ఇది. తల ఊపుడు సగానికి సగం పోతుంది.

3. ఇప్పుడు కిందికి. 60లో నాలుగో గేరులో వెళ్తూ ముందు బ్రేకుతో 40కి తగ్గించి, అప్పుడు మైనస్. మళ్లీ తగ్గించి, ఇంకో మైనస్. బ్రేకు ముందు, గేరు తర్వాత. వేగం తగ్గించకుండా మైనస్ కొడితే కారు కీచుమని వద్దంటుంది, లేదా పట్టించుకోదు. ఇంజిన్ ఎర్ర గీత దాటే పని అది చేయనివ్వదు కాబట్టి తప్పు నొక్కితే గేర్‌బాక్స్ పోతుందన్న భయం వద్దు.

4. మూడో గేరులో 40 మీద ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. బండి వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు అనిపిస్తుంది. రెండో గేరులో ఇదే చేస్తే లాగుడు ఇంకా గట్టిగా ఉంటుంది. ఇదే ఇంజిన్ బ్రేకింగ్. ఈ లాగుడు ఎంత ఉంటుందో ఒంటికి తెలియడం కోసమే ఈ అరగంట.

5. తిరిగి డీలోకి. లివరుని పక్కకి జరిపితే చాలు. ప్యాడిల్స్ ఉంటే ఇంకో సంగతి. డీలో ఉండగా ప్యాడిల్ నొక్కితే కొంతసేపే మీ మాట వింటుంది, తర్వాత తనంతట తను డీకి వచ్చేస్తుంది. ఘాట్‌లో మధ్యలో ఇలా వచ్చేస్తే ఇబ్బంది, అందుకే అక్కడ లివరు కూడా ఎం లో పెట్టాలి. చాలా కార్లలో ప్లస్ ప్యాడిల్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే వెంటనే డీకి తెచ్చుకోవచ్చు.

ఏ వేగానికి ఏ గేరు? 1.2 లీటర్ల పెట్రోలు, అయిదు గేర్ల చిన్న కారుకి నా లెక్క ఇది: మొదటి గేరు 15 దాకా, రెండోది 15 నుంచి 35, మూడోది 30 నుంచి 55, నాలుగోది 50 నుంచి 75, ఆపైన అయిదు. ఇది మామూలు రోడ్డు లెక్క. రెండు గేర్లూ కుదిరే వేగంలో ఘాట్‌లో కింది గేరులోనే ఉంటాం. ఆరేడు గేర్ల బండికి ఈ అంకెలు పనికిరావు, ఆర్పీఎం చూసుకుని మీ లెక్క మీరు రాసుకోండి.

ఘాట్ ఎక్కడం

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారి గానీ, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్లే దారి గానీ తీసుకోండి. డీలో ఎక్కుతుంటే కారు రెండుకీ మూడుకీ మధ్య ఊగుతూ ఉంటుంది. రెండులో కాస్త వేగం అందుకోగానే మూడేస్తుంది, మూడులో లాగలేక ముక్కుతుంది, మళ్లీ రెండు. ఏఎంటీలో ఇలా మారిన ప్రతిసారీ వెనక కూర్చున్నవాళ్ల తలలు ఊగుతాయి, అసలే మలుపులు, కడుపులో తిప్పడం మొదలవుతుంది.

కొండ ఎక్కడం మొదలవగానే ఎం లోకి వచ్చి రెండులో గానీ మూడులో గానీ పట్టి ఉంచండి. ఇంజిన్‌ని 2,500 నుంచి 3,500 మధ్య తిరగనివ్వండి. చెవికి కొంచెం శబ్దం ఎక్కువే, కానీ బండికి సుఖం. 1,500 కిందికి పడిపోయి బండి వణుకుతోందంటే గేరు తగ్గించే సమయం దాటిపోయిందన్నమాట.

హెయిర్‌పిన్ దగ్గర అసలు కిటుకు ఉంది. మలుపులోకి దూరాక గేరు మార్చకూడదు. మలుపుకి రెండు మూడు బండ్ల దూరంలో, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే మైనస్ కొట్టి రెండులోకి వచ్చేయాలి. డీకి వదిలేస్తే అది సరిగ్గా మలుపు నడిమధ్యలో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు, బండి బరువంతా వెనక్కి ఒరిగినప్పుడు గేరు మారుస్తుంది. ఏఎంటీలో ఆ క్షణం పవర్ తెగి బండి ఆగినంత పనవుతుంది. వెనక ఆర్టీసీ బస్సు ఉంటే ఆ క్షణం చాలా పెద్దది.

ఎక్కే మధ్యలో ఆగాల్సి వస్తే బ్రేకు మీదో హ్యాండ్‌బ్రేకు మీదో ఆపండి. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి బండిని వాలు మీద నిలబెట్టే అలవాటు కొందరికి ఉంది. ఏఎంటీకీ డీసీటీకీ అది క్లచ్‌ని పెనం మీద పెట్టడమే. హిల్ హోల్డ్ (వాలు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు) లేని ఏఎంటీ అయితే పాత పద్ధతే: హ్యాండ్‌బ్రేకు లాగి, యాక్సిలరేటర్ తొక్కి, బండి ముందుకి గుంజుతోందని తెలిశాక హ్యాండ్‌బ్రేకు దించడం. అన్నట్టు, ఘాట్‌లో ఇద్దరికి దారి చాలనప్పుడు ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మన రోడ్డు నిబంధనల్లో ఉన్నదే ఇది.

ఘాట్ దిగడం

తిరుమల నుంచి కిందికి వచ్చేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది. పైకి వెళ్లేది 1974లో వేసిన రెండో రోడ్డు. దిగే రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. పైన చెక్‌పోస్టులో బయల్దేరిన సమయం రాస్తారు, 40 నిమిషాల కంటే ముందే కిందికి వస్తే తప్పు పడతారు. లెక్క కడితే సగటు వేగం గంటకి 30 కి.మీ. కూడా రాదు. ఇందాకటి లెక్కలో 30 లోపు వేగానికి ఏ గేరు? రెండు. అంటే ఆ కొండ దాదాపు మొత్తం రెండో గేరులో దిగాల్సిన కొండ. నేను ఆ రోజు నాలుగులో దిగుతున్నాను, కాదు, కారు నన్ను నాలుగులో దింపుతోంది.

దిగే పద్ధతి ఇది.

వాలు మొదలవకముందే, బండి ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే ఎం లోకి వచ్చి గేరు తగ్గించుకోండి. ఉరుకు అందుకున్నాక తగ్గించబోతే కారు వద్దంటుంది, అప్పుడు ముందు బ్రేకు మీద పడాలి.

ఏ గేరు అన్నదానికి మా బాబాయి మాట: "ఏ గేర్లో ఎక్కే కొండని ఆ గేర్లోనే దిగు." లారీ వాళ్ల పాత లెక్క ఇది, కారుకీ సరిపోతుంది. ఇంకా ఖాయంగా తెలియాలంటే, వాలు మీద కాసేపు రెండు పెడల్స్ మీంచీ కాలు తీసి చూడండి. వేగం పెరుగుతూ పోతోందంటే ఇంకో గేరు కిందికి రావాలి. బండి మరీ మందగించి యాక్సిలరేటర్ తొక్కాల్సి వస్తోందంటే ఒక గేరు పైకి వెళ్లవచ్చు. మలుపుల మధ్య వేగం దాదాపు నిలకడగా ఉండి, మలుపు ముందు మాత్రమే బ్రేకు కావాల్సి వస్తే గేరు సరిపోయినట్టు.

బ్రేకు వాడే తీరు కూడా మారాలి. పెడల్ మీద కాలు ఆనించి కొండంతా రుద్దుకుంటూ దిగడమే ప్యాడ్‌లని కాలుస్తుంది. మలుపు ముందు గట్టిగా ఒక నొక్కు, కావాల్సిన వేగానికి రాగానే పూర్తిగా వదిలేయడం, తర్వాతి మలుపు దాకా ఇంజిన్‌కి అప్పగించడం. వదిలిన ఆ పది పదిహేను సెకన్లలో డిస్కులకి గాలి తగిలి చల్లబడతాయి.

రెండులో దిగుతుంటే ఇంజిన్ 3,000, ఒక్కోసారి 4,000 దాకా అరుస్తుంది. మొదటిసారి పక్క సీట్లో వాళ్లు కంగారుపడతారు. ఎర్ర గీత 6,000 పైన ఉన్న పెట్రోలు ఇంజిన్‌కి 4,000 ఏమీ కాదు. పెట్రోలు తాగేస్తుందేమో అన్న అనుమానానికి కారే జవాబు చెబుతుంది: మీటర్లో ఆ క్షణపు మైలేజీ చూపించే పట్టీ ఉంటే చూడండి, పై చివరికి వెళ్లి నిలుస్తుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటరు పెట్రోలు చిమ్మే ఇంజక్టర్లని ఆపేస్తుంది. ఇంజిన్‌ని తిప్పుతున్నది పెట్రోలు కాదు, మీ చక్రాలు. ఆ తిప్పే శ్రమే బండిని వెనక్కి పట్టి లాగుతోంది.

అందుకే "దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుంది" అన్న మాట ఈ కాలపు కార్లకి తిరగబడింది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి ఎంతో కొంత పెట్రోలు పోయాల్సిందే. పైగా ఇంజిన్ పట్టు సున్నా అవుతుంది. ఇక తాళం తిప్పి ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లూ ఉన్నారు. రెండు మూడు సార్లు నొక్కాక బ్రేకు రాయిలా అయిపోతుంది, ఎందుకంటే పెడల్‌కి సాయం చేసే వాక్యూమ్ ఇంజిన్ నడుస్తుంటేనే పుడుతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఇంతకన్నా దీని గురించి చెప్పాల్సింది లేదు.

చాలామంది మరిచిపోయే సంగతి: గేరుతో వేగం తగ్గించినప్పుడు వెనక ఎర్ర లైట్లు వెలగవు. వెనక వస్తున్నవాడికి మీరు నెమ్మదించారని తెలియదు. మైనస్ కొట్టే ముందు లైట్లు వెలిగేంత మాత్రం పెడల్‌ని తాకండి.

శ్రీశైలం దారిలో హైదరాబాద్ వైపు నుంచి వెళ్తే ఇంకో రకం అనుభవం. దోమలపెంట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ దాకా దిగుతుంది, వంతెన దాటగానే సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కుతుంది. వంతెన మీద డీకి వచ్చి, అవతల మళ్లీ ఎం కి మారే శ్రమ అక్కర్లేదు. దిగిన గేరే ఎక్కడానికీ పనికొస్తుంది. డ్యామ్ చూస్తూ ఫోన్ తీసే పని మాత్రం బండి ఆపి చేయండి, అక్కడ కోతులు హఠాత్తుగా రోడ్డెక్కుతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఆటోమేటిక్ పుట్టినప్పటి నుంచీ అలవాటైనట్టే ఉంటుంది, అయినా కొండ దిగడం తెలియనివాళ్లు అక్కడా ఎక్కువే. కొలరాడోలో పైక్స్ పీక్ శిఖరం నుంచి దిగేటప్పుడు గ్లెన్ కోవ్ అనే చోట రేంజర్లు బండి ఆపి బ్రేకుల వేడి కొలుస్తారు. మరీ వేడిగా ఉంటే చల్లబడేదాకా పక్కన కూర్చోబెడతారు. మనకి ఆ పని చేసేది ముక్కే.

రెండు లేన్ల రోడ్డు మీద ఓవర్‌టేక్

డీలో యాక్సిలరేటర్‌ని ఒక్కసారిగా నేలకి తొక్కితే కారే కింది గేరుకి వస్తుంది, దాన్ని కిక్‌డౌన్ అంటారు. మరి ఎం ఎందుకు? ఆలస్యం వల్ల. ఏఎంటీ ఆలోచించి గేరు మార్చడానికి ఒక సెకను తీసుకుందనుకోండి, 60 వేగంలో ఆ సెకనులో మీరు దాదాపు 17 మీటర్లు పోతారు. ఆ 17 మీటర్లూ లారీ పక్కన, ఎదురు లేన్‌లో, పవర్ లేకుండా.

కాబట్టి లారీ వెనక మీ లేన్‌లో ఉండగానే ఒక గేరు తగ్గించి, ఇంజిన్‌ని 3,000 దగ్గర సిద్ధంగా పెట్టుకోండి. ఎదురు రోడ్డు ఖాళీ అయిందా, అద్దం చూసి, ఇండికేటర్ వేసి బయటికి రండి. తొక్కిన వెంటనే బండి దూకుతుంది. పూర్తిగా దాటి మీ లేన్‌లోకి వచ్చేదాకా ప్లస్ ముట్టుకోకండి. ఎదురుగా బండి కనిపించి సందు చాలదనిపిస్తే కాలు తీయడమే, కింది గేరులో ఉన్నారు కాబట్టి వెంటనే వెనక్కి తగ్గుతారు.

డీసీటీ, టార్క్ కన్వర్టర్ వాళ్లకి ఈ తేడా అంతగా తెలియదు. కిక్‌డౌనే చాలు.

వాన, బురద, మంచు

తడి రోడ్డు మీద ఒకేసారి రెండు గేర్లు తగ్గించకండి. హఠాత్తుగా పడే ఇంజిన్ పట్టుకి ముందు చక్రాలు జారవచ్చు. ఒకటి తగ్గించి, బండి సర్దుకున్నాక ఇంకోటి.

పొలం దారిలో బురదలో మొదటి గేరు చక్రాలని గిర్రున తిప్పి గుంట తవ్వుతుంది. కొన్ని కార్లు ఆగి ఉన్నప్పుడే ఎం 2లో బయల్దేరనిస్తాయి, అది ఉంటే వాడండి, చక్రానికి తక్కువ బలమే అందుతుంది, బండి మెల్లగా పాకుతుంది. మంచు కురిసే ఊళ్లలో ఉన్నవాళ్లకీ ఇదే. మీ కారు ఒప్పుకుంటుందో లేదో ఇంటి ముందు ప్లస్ కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఎం అక్కర్లేని చోట్లు

అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఎం పెట్టుకుంటే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. డ్రై క్లచ్ డీసీటీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తాను. నత్తనడకలో అది ఒకటీ రెండూ ఒకటీ రెండూ అని కొట్టుకుంటుంటే ఎం 1లో పట్టి ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. అంతకన్నా మేలు, ముందు బండికి కొంచెం ఖాళీ వదిలి, అది నిండేదాకా ఆగి, ఒకేసారి కదలడం.

నాలుగు లేన్ల హైవే మీద క్రూజ్‌లో కూడా డీయే మంచిది. మైలేజీలో కంప్యూటర్‌ని గెలవడం కష్టం. ఘాట్ దిగాక డీకి మారడం మరిచిపోయి, ఎం 4లో హైవే మీద అరవై కిలోమీటర్లు పోయి, "ఈ రోజు ఇంజిన్ శబ్దం ఎక్కువగా ఉందేంటి" అనుకున్నవాడిని నేను. కొండ కింద టీ తాగే చోట లివరు ఒకసారి చూసుకోండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాళ్లకి

టయోటా హైబ్రిడ్లలో బి అని ఉంటే అది దిగడానికే. ఎలక్ట్రిక్ కార్లలో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ కనిపిస్తే అవి గేర్లు కావు, కాలు తీసినప్పుడు మోటారు బండిని ఎంత గట్టిగా ఆపుతూ కరెంటు తిరిగి బ్యాటరీకి పంపాలో చెప్పేవి. ఘాట్‌లో ఎక్కువలో పెట్టుకోండి. కానీ ఒక మెలిక ఉంది: బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకి చోటుండదు, అందుకని ఆపే బలం తగ్గిపోతుంది. కొండ మీద చార్జింగ్ దొరికింది కదా అని నూరు శాతం నింపుకుని దిగితే మొదటి కొన్ని కిలోమీటర్లు భారమంతా బ్రేకుల మీదే. కొంత ఖాళీ వదిలి దిగండి.

ఇంత చేసినా వాసన వస్తే

వాసన ఒక్కటే అయితే గేరు ఇంకోటి తగ్గించి, వెడల్పు చోటు చూసి ఆపండి. పెడల్ మెత్తబడి లోపలికి పోతోందంటే బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు పట్టినట్టు. దానికి పైపై వైద్యం లేదు, వెంటనే ఆగాలి. పెడల్‌ని రెండు మూడు సార్లు టకటకా కొడితే కొంత పట్టు తిరిగి వస్తుంది, ఆ పట్టుతో ఆపండి.

ఆపాక చక్రానికి రాయి పెట్టండి. టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లకి పి (పార్కింగ్) ఉంటుంది, మామూలు ఏఎంటీకి ఉండదు. దాన్ని గేరులో ఉంచి ఇంజిన్ ఆపేయాలి, హ్యాండ్‌బ్రేకు సరేసరి. న్యూట్రల్‌లో వదిలి దిగకండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి. ఎర్రగా కాగిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇనుప డిస్కుకీ అదే అవుతుంది, వంకర తిరుగుతుంది. మేం ఆ రోజు అరగంట పైనే కూర్చున్నాం. అత్త తెచ్చిన పులిహోర అక్కడే అయిపోయింది.

ఊరికి వచ్చాక మెకానిక్ చేత ప్యాడ్‌లు చూపించి, బ్రేకు ఆయిల్ మార్పించండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చి పాతబడితే 140 దగ్గరే మరగవచ్చు. డాట్ 4 అయితే ఆ అంకెలు 230, 155. మీ కారుకి ఏది వాడాలో ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది. మా కారుది మూడేళ్ల పాతది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మార్పించాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.